డిగ్రీ అయ్యాక డీఎడ్‌లో చేరితే నామోషీయా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. మా అమ్మాయి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో బీఎస్సీ పూర్తి చేసింది. ఇంటర్లో 78 శాతం వచ్చింది. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మ కావాలన్నది దాని కోరిక. చుట్టాలంతా బీఎడ్ చేయించమంటున్నారు. తనేమో డీఎడ్ చేస్తానంటోంది. డిగ్రీ చదివిన పిల్ల మళ్లీ వెనక్కి వెళ్లి ఇంటర్ వాళ్ల కోర్సులో చేరడమేమిటని మా బావమరిది కోప్పడుతున్నాడు. ఇంకొకరు ఎంఏ ఎడ్యుకేషన్ బాగుంటుందన్నారు. సంబంధాలు చూసేటప్పుడు బీఎడ్ అంటేనే గౌరవమని ఇంట్లో గోల. ఏది చేయించమంటారు?

జవాబు: మీ అమ్మాయి చెప్పిందే సరైన దారి. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకే చెప్పాలనుకుంటే ముందు డీఎడ్ చేయించండి. ఇప్పుడు కాగితాల మీద దాన్నే డీఎల్ఎడ్ అంటున్నారు. బీఎడ్ కావాలంటే తర్వాత చేయవచ్చు. ఈ రెండింట్లో ఏది ముందు, ఏది వెనక అన్నదే మీ విషయంలో అసలు ప్రశ్న. అందుకే దాని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను.

మీ చుట్టాల మాటలకూ ఒక ఆధారం లేకపోలేదు. 2018 జూన్ 28న టీచర్ కోర్సుల నిబంధనలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బీఎడ్ చేసినవాళ్లు కూడా ప్రైమరీ టీచర్లు కావచ్చని, ఉద్యోగం వచ్చిన రెండేళ్లలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలని అందులో చెప్పింది. బీఎడ్ ఒక్కటి చేస్తే రెండు ఉద్యోగాలకూ పనికొస్తుందన్న మాట ఊళ్లలోకి అప్పుడే పాకింది. కానీ 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్ చెల్లదని తేల్చేసింది. అంతకుముందు నిబంధనల ప్రకారం ఉద్యోగాల్లో చేరినవాళ్లకు ఇబ్బంది లేదని 2024 ఏప్రిల్‌లో వివరణ ఇచ్చింది. బ్రిడ్జి కోర్సు కూడా అలా చేరినవాళ్ల కోసమే, కొత్తగా రాబోయేవాళ్లకు కాదు. యూట్యూబ్‌లో ఎవరైనా బ్రిడ్జి కోర్సు చేసి ఎస్జీటీ (ప్రభుత్వ ప్రైమరీ టీచర్) అయిపోవచ్చని చెబితే నమ్మకండి.

ఆ తీర్పు వచ్చాక కూడా మన రాష్ట్రంలో గందరగోళం ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) నోటిఫికేషన్లో ఎస్జీటీ పోస్టులకు బీఎడ్ వాళ్లకు మళ్లీ అవకాశమిచ్చారు. హైకోర్టు దాన్ని ఆపింది. నిజానికి ఈ బీఎడ్, డీఎడ్ పంచాయతీ మనకు కొత్తదేమీ కాదు. 2008 డీఎస్సీలో ఎస్జీటీ పోస్టుల్లో 30 శాతం డీఎడ్ వాళ్లకు కేటాయించడంపై మొదలైన గొడవ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. అప్పట్లో నష్టపోయినవాళ్లు జుట్టు నెరిసేదాకా ఉద్యోగం కోసం తిరగడం అందరం చూశాం. మీ అమ్మాయి ఆ వరసలో నిలబడాల్సిన అవసరం లేదు.

బీఎడ్ పెద్ద చదువు కదా, చిన్న తరగతులకు ఎందుకు పనికిరాదని మీ బావమరిది అడగవచ్చు. మూడో తరగతి పిల్లవాడు 52 లోంచి 27 తీసేసి 35 అని రాశాడనుకోండి. బీఎస్సీ మ్యాథ్స్ చదివిన ఎవరికైనా అది తప్పని తెలుస్తుంది. కానీ వాడు ఎక్కాలు రాక తప్పు చేయలేదు, అజాగ్రత్త వల్లా కాదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న ఒక్క సూత్రం పట్టుకుని, ఏడులోంచి రెండు తీసి అయిదు వేశాడు, అయిదులోంచి రెండు తీసి మూడు వేశాడు. వాడి లెక్కలో వాడు కరెక్టే. ఇక్కడ ఇంటూ మార్కు పెట్టి మళ్లీ చేయమంటే మళ్లీ 35 అనే రాస్తాడు. పుల్లల కట్టలు ముందు పెట్టి, ఒక పదుల కట్ట విప్పించి, చేత్తో తీయించాలి. ఇలాంటి తప్పు ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా విప్పాలో నేర్పేది డీఎల్ఎడ్. బీఎడ్ పాఠాలు ప్రధానంగా పై తరగతులకు సబ్జెక్టు ఎలా చెప్పాలన్న దాని చుట్టూ తిరుగుతాయి. ప్రైమరీ పిల్లలకు చెప్పే శిక్షణ బీఎడ్‌లో లేదు కాబట్టే సుప్రీంకోర్టు కాదంది. అంతేగానీ బీఎడ్ తక్కువదనీ కాదు, డీఎడ్ ఎక్కువదనీ కాదు.

ఇక ఏది ముందన్న సంగతి. దీన్ని చాలామంది పట్టించుకోరు. దూరవిద్యలో బీఎడ్ ఇచ్చే ఇగ్నో లాంటి చోట్ల అందరినీ చేర్చుకోరు. డిగ్రీతో పాటు, ఇప్పటికే శిక్షణ పొంది ప్రైమరీలో పనిచేస్తున్న టీచరై ఉండాలి, లేదా రెగ్యులర్‌గా ఒక టీచర్ ట్రైనింగ్ కోర్సు పూర్తిచేసి ఉండాలి. మీ అమ్మాయి డైట్‌లో, అంటే జిల్లాలోని ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, డీఎల్ఎడ్ చేసిందంటే ఆ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఉద్యోగం చేసుకుంటూ, జీతం తెచ్చుకుంటూ బీఎడ్ పూర్తి చేయవచ్చు. పై తరగతులకు సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్‌కు అది అక్కరకొస్తుంది. అదే ముందు బీఎడ్ చేసి, తర్వాత ప్రైమరీ మీద మనసు పడిందనుకోండి, కొత్తగా చేరేవాళ్లకు దూరవిద్యలో డీఎల్ఎడ్ ఎవరూ ఇవ్వరు. పెళ్లయి, చంకలో బిడ్డతో రెండేళ్లు రోజూ కాలేజీకి వెళ్లాలి. అంటే ఇప్పుడు డీఎడ్ చేస్తే రెండు దారులూ ఉంటాయి, ఇప్పుడు బీఎడ్ చేస్తే ఒకటే మిగులుతుంది. మీ బావమరిదికి ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి.

ఎంఏ ఎడ్యుకేషన్ సంగతి వేరు. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ, హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ క్యాంపస్ ఈ కోర్సుకు పేరున్నవి. చదువు మంచిదే. పాఠ్యపుస్తకాలు రాయడం, టీచర్లకు శిక్షణ ఇవ్వడం, విద్యారంగంలో పనిచేసే సంస్థల్లో చేరడం లాంటివి చేయాలంటే అవి చక్కని చోట్లు. అయితే ఆ ఎంఏ ఒక్కదానితో మూడో తరగతి టీచర్ ఉద్యోగానికి అర్హత రాదు. ఎంఎడ్ కూడా అంతే. నాలుగైదేళ్లు బళ్లో పాఠం చెప్పాక ఎంఏకి వెళ్లినవాళ్లే దాన్నుంచి ఎక్కువ లాభం పొందుతారని నా అభిప్రాయం. పిల్లల ముందు నిలబడకుండా చదివితే ఆ సిద్ధాంతాలన్నీ పుస్తకంలోనే ఉండిపోతాయి.

డీఎల్ఎడ్‌లో చేరడానికి డీఈఈసెట్ రాయాలి. అర్హత చూసేది ఇంటర్ మార్కులతోనే, జనరల్, బీసీ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం కావాలి. మీ అమ్మాయికి ఆ టెన్షన్ లేదు. డిగ్రీ ఉన్నందుకు అదనంగా కలిసొచ్చేదీ లేదు, అడ్డమూ లేదు. మీ జిల్లాకు మైనంపాడులో ప్రభుత్వ డైట్ ఉంది. మొదటి ఆప్షన్ అదే పెట్టించండి. ఫీజు తక్కువని మాత్రమే చెప్పడం లేదు. ఈ కోర్సు ప్రాణమంతా బడి అభ్యాసంలో ఉంది. రెండేళ్లలో 20 వారాలు బళ్లో ఇంటర్న్‌షిప్ చేయాలి. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో హాజరు రిజిస్టర్లోనే ఉంటుంది, రికార్డులు బయట డబ్బులిచ్చి రాయిస్తారు, లెసన్ ప్లాన్లు ముందటి బ్యాచ్‌వి చూసి దించుతారు. సర్టిఫికెట్ వస్తుంది, పుల్లల కట్ట పట్టుకోవడం మాత్రం రాదు. అలాంటి కాలేజీలు చాలావరకు మూతపడ్డాయి గానీ పూర్తిగా పోలేదు. ప్రైవేటులో చేర్చాల్సి వస్తే ఎన్‌సీటీఈ గుర్తింపు ఇప్పటికీ ఉందో లేదో చూసుకుని, పోయినేడు చదివిన పిల్లలు ఇద్దరిని అడిగి చేర్చండి.

ఇంకో మాట. మాంటిస్సోరి డిప్లొమా, నర్సరీ టీచర్ ట్రైనింగ్ అంటూ ఏడాదిలోపు అయిపోయే కోర్సుల బోర్డులు ఒంగోలులోనూ కనబడతాయి. ప్రైవేటు ప్లేస్కూల్లో చేరడానికి అవి ఉపయోగపడతాయేమో. డీఎస్సీ ఎస్జీటీకి పనికిరావు. రెండేళ్ల డిప్లొమాకు బదులు అప్పట్లో ఇన్‌సర్వీసు టీచర్ల కోసం పెట్టిన 18 నెలల కోర్సు మీదే ఎన్ని కేసులు నడిచాయో తెలిసినవాళ్లెవరూ షార్ట్‌కట్ల జోలికి వెళ్లరు.

డీఎల్ఎడ్ తర్వాత టీచర్ అర్హత పరీక్ష, టెట్. ఒకటి నుంచి అయిదు తరగతులకు పేపర్ 1. 150 ప్రశ్నలు, 150 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోదానికి 30 మార్కులు. జనరల్ వాళ్లకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 వస్తే పాస్. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. అయితే పాసయ్యాం కదా అని అక్కడితో ఆపేయడం మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. డీఎస్సీలో 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు టెట్ వెయిటేజీకి. టెట్‌లో 90 వచ్చినవాళ్లకు 12 మార్కులు కలిస్తే, 120 వచ్చినవాళ్లకు 16 కలుస్తాయి. తేడా నాలుగే కదా అనిపిస్తుంది. కానీ డీఎస్సీలో ఒక్కో ప్రశ్నకు అర మార్కు. అంటే ఎనిమిది ప్రశ్నల తేడా. పాయింట్లలో ర్యాంకులు తారుమారయ్యే చోట ఎనిమిది ప్రశ్నలంటే మాటలు కాదు. స్కోరు పెంచుకోవడానికి టెట్ మళ్లీ రాయవచ్చు, రాయించండి. మీ అమ్మాయికి లెక్కల భయం ఉండదు. తెలుగు మాత్రం గట్టిగా చదవాలి. ఎంపీసీ పిల్లలు ఛందస్సు, సంధుల దగ్గర చేజార్చుకునే మార్కులు నేను చాలా చూశాను.

పోస్టుల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులుంటే అందులో ఎస్జీటీలు 6,371. స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఇంకా ఎక్కువే గానీ అవి సబ్జెక్టుల వారీగా చీలిపోతాయి, ఎస్జీటీ అంతా ఒకటే వరస. ఇది జిల్లా పోస్టు, ఆ డీఎస్సీలో 80 శాతం స్థానికులకే ఇచ్చారు. ఇంతవరకు బాగానే ఉంది. బాగాలేనిదేమిటంటే, అంతకుముందు డీఎస్సీ నియామకాలు 2018 నోటిఫికేషన్‌వి. మధ్యలో ఏడేళ్లు. నాయకులు ఏటా డీఎస్సీ అంటారు, దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోబెట్టకండి.

కాబట్టి కేంద్రీయ విద్యాలయాల వైపు కూడా ఒక కన్నేసి ఉంచండి. అక్కడ ప్రైమరీ టీచర్‌ను పీఆర్‌టీ అంటారు. దానికి సీటెట్ (కేంద్రం పెట్టే టెట్) పేపర్ 1 కావాలి. సీటెట్‌లో తెలుగును ఒక భాషగా తీసుకోవచ్చు. మూల వేతనం 35,400 రూపాయలు. కేవీల్లో హిందీ, ఇంగ్లిష్‌లలో పాఠం చెప్పగలగాలి, దేశంలో ఎక్కడికైనా వెళ్లాలి. ఆడపిల్లను అంత దూరం పంపుతారా లేదా అన్నది మీ ఇంటి విషయం. నన్నడిగితే పంపమంటాను. ఈలోగా ప్రైవేటు స్కూల్లో చేరితే జీతం చిన్నదే. కానీ చేతిలో పని ఉంటుంది, టెట్‌కు చదువుకునే టైమూ దొరుకుతుంది. సాయంత్రం ఆరింటిదాకా స్టడీ అవర్లు చేయించే స్కూల్లో మాత్రం చేర్చకండి, చదువుకోవడానికి ఓపిక మిగలదు.

ఇవన్నీ మొదలుపెట్టకముందు ఒక పని చేయించండి. మీ ఊరి ప్రైమరీ స్కూల్లో హెడ్మాస్టర్ గారిని అడిగి, మీ అమ్మాయిని కొన్ని రోజులు ఒకటో తరగతిలో కూర్చోనివ్వమనండి. పాఠం చెప్పాల్సిన పనిలేదు, చూస్తే చాలు. ముక్కు చీదేవాళ్లు, అమ్మ కావాలని ఏడ్చేవాళ్లు, పెన్సిల్ పోయిందని పదిసార్లు లేచేవాళ్లు, వీళ్లందరి మధ్యా ఒకే టీచరు రెండు మూడు తరగతులు కలిపి నడిపించే పూటలు. ఇది చూశాక కూడా ఇష్టం నిలబడితే డీఈఈసెట్‌కు దరఖాస్తు పెట్టండి. అబ్బే, నాకు తొమ్మిది, పది తరగతుల లెక్కలే హాయి అని తనే అంటే, అప్పుడు ఎడ్‌సెట్ రాసి బీఎడ్‌కు వెళ్లడమే సరైంది. బీఎస్సీ మ్యాథ్స్‌తో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు పోటీపడవచ్చు. అందులో తప్పేమీ లేదు. మీ అమ్మాయి ఉత్తరం కాదు గదా ఇది, మీరు రాశారు. నిర్ణయం మాత్రం తననే తీసుకోనివ్వండి.

సంబంధాల సంగతికొస్తే, ఎస్జీటీగా ఉద్యోగం వచ్చాక డీఎడ్డా బీఎడ్డా అని అడిగే పెళ్లివారు నాకింతవరకు తగల్లేదు. జీతమెంత, పోస్టింగ్ ఏ మండలంలో అనే అడుగుతారు.

దరఖాస్తుకు ముందు ఇంట్లో బీరువా తీసి, నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఇంటర్ మెమో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడు కౌన్సెలింగ్‌లోనూ, రేపు డీఎస్సీలో లోకల్ అని చూపించడానికీ కావాలి. తను చదివిన ప్రైవేటు స్కూల్ ఏదైనా మూతపడి ఉంటే ఆ రికార్డులు మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడగాలి. దానికి టైము పడుతుంది, ఈ వారంలోనే వెళ్లండి.