ఎంజైమ్ అంటించాలా, అంటుకట్టాలా?

సందేహం: సైన్స్ దినోత్సవానికి మా ఊరి తెలుగు బడి పిల్లలకు ల్యాబ్ పని గురించి చెప్పాలి. ‘ఎంజైమ్‌చే లేబుల్ చేయబడిన ఏకవంశ ప్రతిరక్షకము’ అని రాసుకున్నాను. ‘ఎంజైమ్ అంటించిన’ అందామంటే, అది అంటురోగం మాటలా ఉందని మా అమ్మ అంటోంది. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: ముందు ఆ ‘చేయబడిన’ కొట్టేయండి తల్లీ. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేస్తూ, సవరల భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడిన ఊరు మీది. అక్కడి పిల్లలకు ఈ ‘బడు’ల తెలుగు వినిపించకూడదు. ఇప్పటి పాఠ్యపుస్తకాల నిండా ఇదే.

ఇక ‘అంటు’. మీ అమ్మగారి భయం అర్థమైంది. అంటువ్యాధి, మైల అనే అర్థంలో వాడే అంటు, రెండూ ఆ ధాతువు పిల్లలే. కానీ దాని అసలు అర్థం తాకడం, పట్టుకుని విడవకపోవడం. కన్నడంలోనూ అంటు అంటే అంటుకోవడమే. తలకు నూనె అంటితే తలంటు, దీపానికి నిప్పు అంటితే వెలుగు, ఎంగిలి అంటిన గిన్నెలు అంట్లు. వీటన్నిటిలో నాకు ఇష్టమైనది తోటమాలి అంటు. మంచి మామిడి కొమ్మను వేరే మొక్కకు అంటుకడితే వేరు ఒకరిది, పండు ఇంకొకరిది. రెండూ బతుకుతాయి, ఎవరి పని వారు చేస్తారు.

మీ ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ, సంగతీ అంతే కదా! మనం వెతికే ప్రోటీన్‌ను పోల్చి పట్టుకునేది యాంటీబాడీ, రంగు చూపించేది ఎంజైమ్. ఆవాల కుటుంబపు ఘాటైన హార్స్‌రాడిష్ వేరు నుంచి తీసిన పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను యాంటీబాడీకి కట్టి, దాన్ని పరీక్ష పలక గుంటల్లో పోసి, కడిగి, రంగు తెప్పించే టీఎంబీ ద్రావణం పోస్తే, ప్రోటీన్ ఉన్న గుంటలో నీలం తేలుతుంది. ఆమ్లం పడగానే అది పసుపవుతుంది. కడిగేటప్పుడు ఎంజైమ్ ఊడిపోతే పరీక్షే లేదు. అందుకే రసాయన బంధంతో గట్టిగా కడతారు. ‘అంటించిన’ అంటే స్టాంపు అంటించినట్టు పైపైన ఉంటుంది, ‘అంటుకట్టిన’లో ఆ గట్టిదనం వినిపిస్తుంది. యాంటీబాడీ ప్రోటీన్‌కు ‘అంటుకుంటుంది’ అనండి. అప్పుడు రెండు పనులకు రెండు క్రియలు దొరుకుతాయి.

ఇంకో విశేషం. ‘క్లోన్’ కూడా తోటలోంచి వచ్చిన మాటే. గ్రీకులో లేత కొమ్మ అని అర్థం. 1903లో వెబ్బర్ అనే శాస్త్రజ్ఞుడు, విత్తనం లేకుండా పెంచే మొక్కల కోసం ఆ పేరు పెట్టాడు. ఒకే తల్లిచెట్టు కొమ్మలతో కట్టిన అంటుమామిళ్లన్నీ క్లోన్లే. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞులు ఒకే కణం సంతతి నుంచి ఒకే రకం యాంటీబాడీలు తీశారు. అదే మోనోక్లోనల్. ‘ఏకవంశ’ అంటే పిల్లలకు రాజుల వంశం గుర్తొస్తుంది. మోనోక్లోనల్‌ను అలాగే ఉంచి, మామిడి అంటు చూపించి వివరించండి.

ప్రతిరక్షకం మంచి మాటే, యాంటీబాడీ అందరికీ తెలిసిన మాట. ఏదైనా సరే.

‘ఎంజైమ్ అంటుకట్టిన మోనోక్లోనల్ యాంటీబాడీ’ అనే నేను రాస్తాను. అయితే అమ్మగారికి ఇంకా ఇబ్బందిగా ఉంటే ‘ఎంజైమ్ జోడించిన’ అన్నా తప్పు పట్టను.