డిగ్రీ సంగతి తర్వాత, ముందు బారలు లెక్కపెట్టడం వచ్చా?

"అటెండరు ఉద్యోగానికే ఏడో తరగతి అడుగుతున్నారు, మరి ముఖ్యమంత్రికీ ప్రధానమంత్రికీ కనీసం డిగ్రీ ఉండాలని రూలు పెట్టకూడదా?" అని కదా మీ ప్రశ్న. ఇదే మాట మా తమ్ముడి కొడుకు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా పెడుతుంటాడు, ఫలానా దేశంలో మంత్రులంతా డాక్టరేట్లేనంటూ ఒక లిస్టుతో సహా. ఆ లిస్టు నిజమో కాదో వాడు చూడడు. వాడిది ఎం.టెక్.

నేను బీకాం చదివి, ముప్పై ఏళ్ళు పంచాయతీ సెక్రటరీగా చేసి రిటైరయ్యాను. ముఖ్యమంత్రుల్ని దగ్గర నుంచి చూసిందేమీ లేదు. ఒకసారి హెలిపాడ్ దగ్గర సున్నం గీతలు గీయించాను, అంతే. కానీ సంతకాలు పెట్టే మనుషుల్ని మాత్రం చాలామందిని చూశాను. ఎంత పెద్ద పదవైనా చివరికి చేసే పని అదే. కింది నుంచి ఫైలు వస్తుంది. నోటు రాసినవాడు తనకు కావలసిన చోటికే దారి తీసి పెట్టి ఉంటాడు. మీరు సంతకమన్నా పెడతారు, ఒక ప్రశ్న అన్నా వేస్తారు. సెక్రటేరియట్ అయినా పంచాయతీ ఆఫీసు అయినా ఆ నోటు రాసే విద్య ఒకటే. నేనూ రాశాను కాబట్టి చెబుతున్నా.

2006 పంచాయతీ ఎన్నికలప్పుడు నేను కనిగిరి వైపు ఒక ఊళ్ళో ఉన్నాను. సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. ఊరి పెద్దాయన తన దగ్గర పాలేరుతనం చేసినాయన భార్యను నిలబెట్టి గెలిపించాడు. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది అని ఊరందరి లెక్క. అబద్ధమెందుకు, నా లెక్కా అదే. ఆమె యాభై దాటిన మనిషి, బడి ముఖం చూడలేదు. రాత్రిబడిలో సంతకం ఒక్కటి నేర్చుకుంది. ఆ ఒక్క సంతకానికి రెండు నిమిషాలు పట్టేది. పొగనారు నాటినట్టు ఒక్కో అక్షరం దించేది. ఆఫీసులో కుర్చీలున్నా కూర్చునేది కాదు, గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చునేది.

ఆ ప్రాంతపు బోరు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, అంతా ఫ్లోరైడు. పళ్ళు గారపట్టినవాళ్ళు, నడివయసులోనే మోకాళ్ళు వంగని వాళ్ళు వీధికి నలుగురు కనపడతారు. అందుకని ఎస్సీ కాలనీ దాకా మంచినీళ్ళ పైపులైను వేయించాం. పనై బిల్లు నా టేబులు మీదికొచ్చింది. ఎం.బుక్కులో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, 480 మీటర్లని ఉంది. ఏ.ఈ. (అసిస్టెంట్ ఇంజనీరు) గారి సంతకం ఉంది, ఆయన పై డి.ఈ. (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారు కొలతలు సరిచూసే చెక్ మెజర్‌మెంటూ అయిపోయింది. చెక్కు మీద ప్రెసిడెంటమ్మ సంతకం పడితే సబ్ ట్రెజరీకి పోవడమే తరువాయి. (మా వైపు సర్పంచిని ఎవరూ సర్పంచనరు, ప్రెసిడెంటనే అంటారు.)

సాయంత్రం మిరపకోత నుంచి వచ్చింది. చేతులు మండుతుంటే బయట తొట్టి దగ్గర కడుక్కుని లోపలికొచ్చి బల్ల మీద కూర్చుంది.

"ఏముందో చదువు నాయనా."

"పైపులైను బిల్లమ్మా. అన్నీ అయిపోయినయ్, మీ సంతకమే."

"అదే, చదువు."

చదివాను. పైపు సైజు, తవ్వకం, పూడ్చడం. 480 మీటర్లు అనేసరికి చెయ్యెత్తింది.

"మీటరంటే ఎంత?"

"మూడడుగుల పైచిలుకమ్మా."

"అడుగులు నాకు తెలవ్వు. బారల్లో చెప్పు."

రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు బార, ఆరడుగులు. క్యాలిక్యులేటరు తీసి లెక్క కట్టాను, 262 బారలొచ్చింది. చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. కొంగు ముడి విప్పి వక్కపలుకు నోట్లో వేసుకుంది.

"ఆ కాలవ తవ్వింది నా అల్లుడే నాయనా. బారకింతని గుత్తకు మాట్లాడుకున్నాడు. నూట ఎనభై బారలకు కూలి తెచ్చుకున్నాడు. పేచీ పెట్టుకుని మరీ కొలిపించుకున్నాడు, ఒక్క బార కూడా వదల్లా. మిగతా ఎనభై బారలు ఎవురు తవ్వారు?"

నాకు నోట మాట రాలేదు. ఆ పైపులైను పక్కనుంచే రోజూ నా స్కూటరు పోతుంది. ఒక్కరోజు కూడా దిగి నడవలేదు. ఎందుకు నడుస్తాను, ఎం.బుక్కులో సంతకాలున్నాయి కదా! చదువుకున్నవాళ్ళకు ఇదో జబ్బు, కళ్ళెదుట ఉన్నదాని కంటే కాగితం మీద ఉన్నదే మనకు నిజం.

మర్నాడు ఏ.ఈ. గారికి ఫోను చేస్తే "వేలిముద్ర మనిషి మాట పట్టుకుని ఇంజనీరు లెక్క తప్పంటావా" అని కేకలేశాడు. ఆమెది వేలిముద్ర కాదండీ, సంతకమే అన్నాను. అంతకంటే గట్టిగా ఏమీ అనలేకపోయాను. వారం తర్వాత టేపు పట్టారు. 330 మీటర్లు తేలింది. బిల్లు కోశారు. కాంట్రాక్టరు ఆ పెద్దాయన బావమరిదే కాబట్టి పెద్దాయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆమెతో ఏం మాట్లాడాడో నేను వినలేదు గానీ, ఆ ఏడు ఆయన చేలోకి మిరపకోతకు ఆమెను పిలవలేదని మాత్రం తెలుసు.

ఇప్పుడు మీ రూలు దగ్గరికొస్తాను. అలాంటి రూలు ఈ దేశంలో పెట్టి చూశారు. ముఖ్యమంత్రులకు కాదు, సర్పంచులకు! రాజస్థాన్‌లో 2014 చివర్లో పెట్టి 2019లో తీసేశారు. హర్యానాలో 2015లో చట్టం చేశారు. మగవాళ్ళకు పదో తరగతి, ఆడవాళ్ళకూ ఎస్సీలకూ ఎనిమిది, ఎస్సీ మహిళ పంచుగా, అంటే వార్డు మెంబరుగా, పోటీ చేయాలంటే ఐదు. ఇంట్లో మరుగుదొడ్డి కూడా ఉండాలి. ఆ లెక్కన మా ప్రెసిడెంటమ్మ నామినేషన్ కాగితం దగ్గరే ఆగిపోయేది. సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో ఆ చట్టం చెల్లుతుందంది. తీర్పు రాసిన జస్టిస్ చలమేశ్వర్ మన కృష్ణా జిల్లా మనిషే. మంచికీ చెడుకీ తేడా తెలుసుకునే శక్తి మనిషికి చదువు వల్లే వస్తుందని అందులో రాశారు. ఆయనంటే నాకు గౌరవమే, అదే ఏడాది న్యాయమూర్తుల నియామకాల కేసులో తక్కిన నలుగురూ ఒకవైపుంటే తానొక్కడే వేరే తీర్పు రాసిన మనిషి. కానీ ఈ వాక్యం పేపర్లో చదివినప్పుడు మాత్రం నాకు ఆ ఎం.బుక్కే కళ్ళ ముందు కదిలింది. నలుగురం చదువుకున్నవాళ్ళం, ఏ.ఈ., డి.ఈ., కాంట్రాక్టరు, నేను. తేడా తెలిసింది ఎవరికి?

మీ ప్రశ్న కొత్తదేం కాదు లెండి. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభలో బాబూ రాజేంద్రప్రసాద్ కూడా ఇదే బాధపడ్డారు. చట్టాన్ని అమలుచేసేవాళ్ళకు పెద్ద పెద్ద అర్హతలు అడుగుతూ, ఆ చట్టం చేసేవాళ్ళకు ఏమీ అడగకపోవడం విడ్డూరమన్నారు. అయినా పెట్టలేదు. లోక్‌సభకు 25 ఏళ్ళు నిండితే చాలు. చట్టసభలో సభ్యుడు కానివాడు కూడా మంత్రి కావచ్చు, ఆరు నెలల్లో సభ్యుడైతే సరిపోతుంది.

నాకు ఒళ్ళు మండేది ఇంకోచోట. ఈ దేశంలో అర్హతలన్నీ కింది మెట్టు మీదే రుద్దుతారు. మన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో 1994 నుంచీ ముగ్గురు పిల్లలుంటే వార్డు మెంబరుగా కూడా పనికిరారని ఉండేది. ఆ చట్టం చేసిన సభలో కూర్చునే ఎమ్మెల్యేకి ఎంతమందైనా ఉండొచ్చు. మూడో బిడ్డను తమ్ముడి రేషన్ కార్డులోకి ఎక్కించి నామినేషన్ వేసినవాణ్ణి నేనెరుగుదును. ఆ పిల్ల ఎన్నికలైందాకా నాన్నని పెదనాన్న అనాలి! 2024లో గానీ ఆంధ్రాలో ఆ రూలు ఎత్తేయలేదు. ఎత్తేసింది కూడా సర్పంచుల మీద జాలితో కాదు, జననాల రేటు తగ్గుతోందని.

అటెండరు పోలిక కూడా నాకు నచ్చదు. అటెండరు ఒకసారి చేరితే రిటైరయ్యేదాకా కదలడు. అందుకే గుమ్మం దగ్గరే చూసుకుంటాం. తపాలా మీద పేరు చదవలేకపోతే పనీ ఆగిపోతుంది. ముఖ్యమంత్రికి ఫైలు చదివి వినిపించడానికి ఐఏఎస్‌లు వరసకట్టి ఉంటారు. చదివిందాన్ని వింటూ ఎక్కడ చెయ్యెత్తాలో తెలియడం ఆయన పని. అది ఏ యూనివర్సిటీలోనూ నేర్పరు.

పక్కనే మద్రాసులో కామరాజ్‌ను చూడండి. బడి మధ్యలోనే మానేసిన మనిషి 1954 నుంచి తొమ్మిదేళ్ళు ముఖ్యమంత్రిగా చేశాడు, బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించాడు. అంతకంటే నాకు నచ్చే సంగతి వేరే ఉంది. నాయకత్వం కోసం తన మీద పోటీకి నిలబడిన సి.సుబ్రహ్మణ్యాన్ని, ఆయన్ను బలపరిచిన భక్తవత్సలాన్ని తెచ్చి తన మంత్రివర్గంలోనే కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరూ తనకంటే చదువుకున్నవాళ్ళే. ఎవరేమడిగినా "పార్కలాం" అనేవాడట, చూద్దాం అని. వెంటనే సంతకం పెట్టకపోవడం కూడా ఒక విద్యే.

మరి చదువున్నవాళ్ళ సంగతో? మన పీవీ గారిని మించిన చదువరి ఎవరు? 1971లో ముఖ్యమంత్రి అయితే 1973 జనవరికల్లా, జై ఆంధ్ర గొడవల మధ్య, దిగిపోవాల్సి వచ్చింది. అదే మనిషి 1991లో ప్రధాని అయి, ఎన్నికల రాజకీయంతో సంబంధం లేని మన్మోహన్ సింగ్‌ను పిలిచి ఆర్థికశాఖ అప్పగించి, దేశం దారే మార్చేశాడు. మధ్యలో ఆయన డిగ్రీలేమీ మారలేదు. ఇరవై ఏళ్ళలో ఎవరిని ఏమడగాలో తెలిసివచ్చింది, అంతేనని నా అభిప్రాయం. కాదనేవాళ్ళుంటారు, ఉండనివ్వండి.

డబుల్ ఎం.ఏ. చేసిన ఒక ప్రజాప్రతినిధి దగ్గర కూడా పనిచేశాను. మండల సర్వసభ్య సమావేశంలో ఎజెండా చదవబోతే "నేను చూసేశాలేవయ్యా" అనేవాడు. ఎప్పుడూ చూసేది లేదు. తెలియదని ఒప్పుకుంటే డబుల్ ఎం.ఏ. పరువు పోతుంది కదా! ఆయన సంతకం మాత్రం చకచకా పడేది. మాకు ఎంత హాయిగా ఉండేదో, అంత ప్రమాదం కూడా.

అలాగని చదువు రానివాళ్ళంతా మహానుభావులని కాదు నేననేది. పక్క ఊరి ప్రెసిడెంటుకూ చదువు రాదు, నిశానీయే, బ్లీచింగ్ పౌడరు డబ్బులు కూడా వదల్లేదు. ఆ ఊరికి సెక్రటరీ ఇన్‌చార్జిని నేనే. ఒక్క సెక్రటరీకి మూడేసి ఊళ్ళు అంటగడితే ఎవడు ఏం చూస్తాడు చెప్పండి, అది వేరే పురాణం.

మీరు ముఖ్యమంత్రి గురించి అడిగితే నేను పైపుల గురించి చెప్పానని అనుకుంటున్నారేమో. ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను.

2011లో పదవీకాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్ల పాలన వచ్చింది. ఆమె చార్జి అప్పగించే రోజు. సామాన్ల లిస్టు రాసి పెట్టుకున్నాను. బీరువా ఒకటి, నిచ్చెన ఒకటి, తండోరా డప్పు ఒకటి, కుర్చీలు పన్నెండు. సంతకానికి ఇచ్చాను.

"చదువు నాయనా."

చదివాను. కుర్చీలు పన్నెండు అనగానే చెయ్యెత్తింది. లేచి వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ గదంతా తిరిగింది. పదకొండే ఉన్నాయి. చేతుల కుర్చీ లేదు. అది అయిదేళ్ళుగా పెద్దాయన వసారాలో ఉందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"పదకొండని రాయనా అమ్మా?" అన్నాను మెల్లగా.

"పన్నెండే రాయి. పన్నెండోది యాడుందో కూడా రాయి, అప్పుడు పెడతా సంతకం."