ఉద్యోగం చేసుకుంటూ నాటకాలు వేసేవాళ్ళు పాత్రకు ఎలా సిద్ధమవుతారు? ఇంటికొచ్చాక పాత్ర వదిలిపోతుందా?

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. చాలా ఏళ్ళుగా పరిషత్తు నాటికల్లో, అంటే నాటిక పోటీల్లో, వేషాలు వేస్తున్నాను, విజయవాడ ఆకాశవాణిలో అడపాదడపా రేడియో నాటకాలు చెబుతుంటాను. పగలంతా పనిచేసి సాయంత్రం రిహార్సల్స్‌కి వెళ్ళేవాళ్ళకి పాత్ర గురించి ఆలోచించే తీరిక ఎక్కడిదని అడిగారు. తీరిక విడిగా దొరకదండీ. పాత్రకి కావలసిన సరుకంతా మనం పనిచేసే చోటే ఉంటుంది.

ఒక నాటికలో నాకు అప్పులపాలైన రైతు వేషం ఇచ్చారు. ధర పడిపోయిందని తెలిసే ఘట్టంలో రచయిత పేజీ నిండా డైలాగు రాశారు. గొంతు పెంచి, మోకాళ్ళ మీద పడి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చప్పట్లు ఖాయం. కానీ నేను రోజూ చూసే రైతులెవరూ అలా చేయరు. సీజన్లో యార్డు నిండా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే. వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు కాయలు తీస్తాడు, రంగు చూస్తాడు, ఒకటి విరుస్తాడు, పిడికిలి బిగించి తేమ ఎంతుందో చూస్తాడు. అంతసేపూ రైతు అతని ముఖం వంక చూడడు. వంగి, కింద పడ్డవాటిలోంచి తాలు కాయలు, అంటే రంగు పోయినవి, ఏరి పక్కన పడేస్తుంటాడు. అమ్మకానికి వచ్చేసిన సరుకు, ఇప్పుడు ఏరి లాభం లేదని అతనికీ తెలుసు. ధర చెప్పగానే ఆ చెయ్యి ఆగుతుంది. కాసేపటికి మళ్ళీ ఏరడం మొదలుపెట్టి, "ఇంకో రెండొందలు చూడండి బాబూ" అంటాడు, అదీ మెల్లగా.

రిహార్సల్లో అదే చేసి చూపించాను. దర్శకుడుగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత స్క్రిప్టు తీసుకుని, చివరి రెండు వాక్యాలు ఉంచి మిగతా డైలాగంతా కొట్టేశారు. రచయిత నొచ్చుకున్నారు, న్యాయమే. ప్రదర్శన రోజు అక్కడ చప్పట్లు పడలేదు. నాటిక అయ్యాక గ్రీన్‌రూముకి ఒక పెద్దాయన వచ్చి, "ఏ ఊరు బాబూ మీది? ఈ ఏడు ఎన్నెకరాలు వేశావు?" అని అడిగారు. నాకు వచ్చిన షీల్డులన్నిటికంటే ఆ మాట ఎక్కువ.

స్థానం నరసింహారావు గారిని తలుచుకోండి. 1902లో బాపట్లలో పుట్టి, స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కొంగు సర్దుకోవడం, పిలిస్తే తల తిప్పడం, పెద్దవాళ్ళు రాగానే లేచి నిలబడే తీరు ఇవన్నీ మన ఇళ్ళలో నిత్యం కనిపించేవే. వాటిని శ్రద్ధగా చూడకుండా ఒక మగవాడు అంతమందిని నమ్మించడం సాధ్యమా?

చూడటం యార్డులో వచ్చింది, వినడం మాత్రం రేడియో నేర్పింది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రానికి నాటకాల్లో ఉన్న పేరు మీకు తెలిసే ఉంటుంది. స్టూడియోలో కాగితాలకి పిన్ను ఉండకూడదు, పేజీ తిప్పిన చప్పుడు మైకు పట్టేస్తుంది. విడి కాగితాలు ఒక్కొక్కటే పక్కకి జరపాలి. దూరం నుంచి పిలిచినట్టు వినపడాలంటే గొంతు తగ్గిస్తే చాలదు, మైకు నుంచి ముఖం తిప్పి వెనక్కి జరగాలి. మన చేతులూ కళ్ళూ శ్రోతకి కనపడవు కాబట్టి, ఎదుటివాడి మాట నిజంగా వింటే తప్ప మన జవాబు జవాబులా పలకదు. ముందే గొంతు సిద్ధం చేసుకుని చెప్పిన డైలాగు ప్రొడ్యూసరుకి ఇట్టే దొరికిపోతుంది.

పరిషత్తుల్లో నన్ను బాధపెట్టేదీ ఇదే. మంచి గొంతున్న నటులు కూడా తమ డైలాగు అవగానే స్విచ్చి కట్టేసినట్టు ఆగిపోతారు. అవతలి మనిషి బిడ్డ పోయిందని చెబుతున్నా వీళ్ళ ధ్యాస తమ వంతు మీద, పైన వేలాడే మైకు మీద ఉంటుంది. పద్యనాటకం సంగతి వేరు. అక్కడ రాగం కోసమే జనం వస్తారు, వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాల్సిందే. ఆ విద్య నాకు రాదు, దాని మీద గౌరవం ఉంది.

ఇక పాత్ర ఇంటికి వస్తుందా అంటే, దాని ఏడుపు రాదు. కొబ్బరినూనెతో మేకప్ తుడుచుకునేసరికి పోతుంది. అప్పటికి ఏ పదకొండో అవుతుంది, ఆకలి తప్ప ఇంకేమీ తెలియదు. వెంట వచ్చేది ఈ చూసే అలవాటు. మా అమ్మాయి ఒకసారి, "నాన్నా, మమ్మల్ని కూడా వేషం కోసమే చూస్తావా?" అంది. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. బజారులో చూసింది వాడుకుంటాను, ఇంట్లోవాళ్ళ బాధ మాత్రం స్టేజీ ఎక్కించను. మా నాన్న చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన మా అమ్మ చేసిన పని ఒకటుంది. ఏ దర్శకుడైనా కళ్ళకద్దుకుంటాడు. ఏ వేషానికీ వాడలేదు, ఇక్కడా రాయను.

మీరు విజయవాడ చుట్టుపక్కల ఉంటే, తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలోనో, మా గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో నాటికలు పడినప్పుడు రండి. మాట్లాడే నటుణ్ణి అందరూ చూస్తారు, మీరు పక్కన ఊరికే నిలబడ్డ నటుణ్ణి చూడండి. చేరాలనిపిస్తే గ్రీన్‌రూముకి వచ్చి అడగండి, సాయంత్రాలు తప్పకుండా వచ్చే మనిషి ఏ నాటక సమాజానికైనా కావాలి. మొదట్లో ప్రాంప్టింగు, అంటే పక్కనుంచి డైలాగు అందించే పని, ఇస్తారు, చిన్నపనని కాదనకండి. నాటకం మొత్తాన్ని, అందరి మాటలనీ, మొదటి నుంచి చివరిదాకా వినే పని అదొక్కటే.