బొంత మెషిన్‌కు ఎక్కించేటప్పుడు ముడతలు

అక్కా, లాంగ్‌ఆర్మ్ (గుడ్డను రోలర్లకు చుట్టి బొంత కుట్టే పెద్ద మెషిన్) మీద బొంత వెనక ముడతలు పడుతున్నాయని, పాలమూరులో సామాను దొరకట్లేదని అడిగారు కదా. వెనక వేసింది నారాయణపేట చీర అన్నారు, చిక్కంతా అక్కడే ఉన్నట్టుంది. అంచు గట్టిగా, మధ్య బట్ట మెత్తగా ఉంటుంది; రోలర్ తిప్పితే రెండూ ఒకేలా సాగవు. అంచులు కోసేసి, ఉతికి ఇస్త్రీ చేయండి.

వెనక గుడ్డ పై గుడ్డ కంటే నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువుండాలి. రోలర్‌కున్న కాన్వాస్ గుడ్డ నడుమ గుర్తు పెట్టి, వెనక గుడ్డ నడుమను దానికి కలిపి, అక్కణ్నుంచి చివరలకు పిన్నులు గుచ్చుతూ పోండి. ఒక చివర నుంచి మొదలుపెడితే గుడ్డ వంకర పోతుంది. మరీ బిగించొద్దు, కింద నుంచి వేలితో నెడితే కొంచెం లేవాలి. పక్క క్లిప్పులు ఊరికే పట్టుకుంటే చాలు.

రెండు గుడ్డల మధ్య పెట్టడానికి ఏకిన దూది పనికిరాదు, కుట్టేటప్పుడే జరిగి ఉండలు కడుతుంది. సోఫా సామాను షాపుల్లో దూదిలా మెత్తగా ఉండే పాలిస్టర్ షీట్ రోల్ అడగండి. దారం కోన్‌లు, వెనక గుడ్డకు తానులు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చూడొచ్చు. సూదులు మాత్రం మీ మెషిన్ మోడల్ చెప్పి తెప్పించుకోండి, ఇంటి మెషిన్‌వి పెట్టొద్దు.