రొయ్యల తొట్టి పెడుతున్న మేనకోడలికి

చిట్టీ,

నీ సంగతి మీ అమ్మ ఫోనులో చెప్పింది. గాజు తొట్టి కొన్నావట, నీళ్లు నింపావట, అందానికి పెంచే చిన్న రొయ్యలకు, ఎర్రవీ పసుపువీ నీలివీ కలిపి, ఆర్డరు కూడా ఇచ్చేశావట. పిల్లలు పెట్టించి అమ్మాలని నీ ఆలోచనట. మన ఇంట్లో నా తరవాత ఈ పిచ్చి ఇంకెవరికీ పట్టదనుకున్నాను. విని పొంగిపోయాను. అంతలోనే "ఆదివారం వస్తాయి వదినా" అంది. నిన్న నింపిన నీళ్లలోకి ఆదివారానికి రొయ్యలా! నీకు కంగారెక్కువని తెలుసు గానీ, మరీ ఇంతనుకోలేదు.

ముందు ఆ ఆర్డరు వాయిదా వేయించు. కనీసం ఆరు వారాలు. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనీ.

ఎందుకో చెబుతాను. తొట్టిలో తిండి మిగిలినా, మలం చేరినా, ఆకు కుళ్లినా అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక జాతి బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ రొయ్యలకు విషం. మూడోది కొంతవరకు ఓర్చుకుంటాయి. ఈ బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలోనూ ఇసుకలోనూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఖాళీ తొట్టిలోనే అప్పుడప్పుడు చిటికెడు మేత వేస్తూ ఉండు, బాక్టీరియాకూ తిండి కావాలిగా. పరీక్ష కిట్టుతో చూసినప్పుడు అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల పాళ్లలో 20) లోపు రావాలి. ఒక్కరోజు వస్తే చాలదు, వరసగా రావాలి. ఆ తరవాత కూడా గాజు మీద పలచగా పాచి పట్టేదాకా ఆగితే ఇంకా మంచిది. పుట్టిన పిల్లలు తినేది ఆ జిగురు పొరనే. అద్దంలా మెరిసే తొట్టిలో అవి ఆకలితో చస్తాయి.

సామాను సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. 40 లీటర్లకు తగ్గని తొట్టి, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్, థర్మామీటరు, మూత, గుప్పెడు జావా మాస్ (నీళ్లలో పెరిగే నాచు మొక్క), ఒకటి రెండు ఎండిన బాదం ఆకులు. వేరే రకం ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా వద్దు, రెండు మిల్లీమీటర్ల పిల్లల్ని లోపలికి లాగేస్తుంది.

ఇక ఆ మూడు రంగులు. ఒకే తొట్టిలో వేస్తానని మీ అమ్మతో అన్నావట, చూడటానికి బాగుంటుందని. నిజమే, కొన్ని నెలలు బాగుంటుంది. నువ్వు కొనే ఎర్రదీ పసుపుదీ నీలిదీ మూడూ ఒకటే జాతి, నియోకారిడినా డేవిడి. అడవి రూపంలో అది మట్టిరంగులో ఉంటుంది. ఒక్కో రంగునూ తరతరాలుగా ఏరి నిలబెట్టారు. కలిపి పెట్టావంటే ఆ రంగులు కలిసిపోయి కొన్ని తరాలకు మళ్లీ మట్టిరంగుకే వస్తాయి. చూసి ఆనందించడానికైతే సరే, అమ్మాలంటే తొట్టికి ఒక్క రంగే. ఎర్రవాటితో మొదలుపెట్టు. పది పదిహేను చాలు, పెద్దవి కాకుండా కుర్రవి తీసుకో. పెద్దవి దూరం నుంచి వచ్చి కొత్త నీళ్లకు అలవాటు పడలేవు, పైగా వాటి ఆయుష్షే ఏడాది, మహా అయితే రెండేళ్లు.

ఎర్రా తెలుపూ పట్టీల క్రిస్టల్ రెడ్ రొయ్య కూడా నీ మనసులో ఉందని నాకు తెలుసు. నువ్వు ఫోటో పంపినప్పుడే అర్థమైంది. దాని కథ తెలుసుకుంటే తొందరపడవు. 1990లలో జపాన్‌లో హిసయాసు సుజుకి అనే పెంపకందారు తన నల్లటి 'బీ' రకం రొయ్యల మధ్య ఎర్రగా పుట్టినదాన్ని గమనించి, వేరుచేసి, ఏళ్ల తరబడి ఏరుతూ ఆ రంగును నిలబెట్టాడు. అంత దగ్గర బంధుత్వంలో పెరిగిన వంశం గనకే అవి సుకుమారం. వాటికి లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లు, 6 చుట్టుపక్కల పీహెచ్ (నీటి ఆమ్లగుణం కొలత), చల్లదనం, ప్రత్యేకమైన మట్టి కావాలి. రెండేళ్లు ఎర్రవాటిని పెంచి, అప్పుడు అడుగు. అమానో రొయ్యలు తెచ్చుకోమని ఎవరైనా చెబితే పాచి తినిపించడానికి తెచ్చుకో, పిల్లల మీద ఆశ పెట్టుకోకు. వాటి పిల్లలు ఉప్పు కలిసిన నీళ్లలోనే బతికి పెరుగుతాయి.

ఇప్పుడు మీ నాన్న సంగతి చెప్పాలి. వాడు నీతో ఎప్పుడూ చెప్పి ఉండడు.

నువ్వు పుట్టకముందు వాడికీ ఒక తొట్టి ఉండేది. ఎర్ర రొయ్యలే. ఏడాదికి పైగా ఏ ఇబ్బందీ లేకుండా పిల్లలు పెట్టాయి. రాత్రి దీపం వేస్తే మాస్ నిండా కదులుతూ కనిపించేవి. నీళ్లు ఆవిరై మట్టం తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లను నిలవబెట్టి పోసేవాడు. అందులో తప్పేముందనిపిస్తుంది కదా? ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. పోసిన ప్రతిసారీ ఇంకొంచెం లవణం చేరుతుంది. అలా నెలల తరబడి నీళ్లలో లవణాలు పేరుకున్నాయి. అంత నెమ్మదిగా జరిగింది కాబట్టి రొయ్యలు అలవాటు పడ్డాయి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు మీ నాన్న కొనలేదు. "అన్నీ బాగానే ఉన్నాయిగా అక్కా" అనేవాడు.

ఒక రోజు ఇంటికి బంధువులు వస్తున్నారని తొట్టి కడగడానికి పూనుకున్నాడు. గాజు మీద పాచి అంతా గీకేశాడు. స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాడు. నీళ్లు దాదాపు మొత్తం తీసి, శుద్ధమైనవి మంచివని ఆర్‌ఓ నీళ్లు పోశాడు. సాయంత్రానికి తొట్టి నిజంగానే బొమ్మలా ఉంది. రొయ్యలు అటూ ఇటూ వేగంగా ఈదుతుంటే, ఆడది పెంకు విడిచినప్పుడు ఆ వాసనకు మగవి తిరిగే తిరుగుడు అనుకుని నన్ను పిలిచి మరీ చూపించాడు. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

మర్నాడు ఇసుక మీద ఖాళీ పెంకులు తేలాయి. ఎదుగుతున్నాయని అన్నాడు. మధ్యాహ్నానికి కొన్నిటి వీపు మీద, తలకూ ఒంటికీ మధ్య, తెల్లటి పట్టీ కనిపించింది. నీళ్లలో లవణాలు ఒక్కసారిగా పడిపోతే రొయ్య కొత్త పెంకు సిద్ధం కాకముందే పాతదాన్ని వదలబోతుంది. అది అడ్డంగా చీలుతుంది గానీ ఊడి రాదు. ఆ పట్టీ వచ్చిన రొయ్య చాలావరకు బతకదు.

అప్పటికైనా చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే సగం మిగిలేవని నా నమ్మకం. కూర్చోలేదు. నీళ్లే చెడ్డాయనుకుని మళ్లీ మార్చాడు. ఆ రాత్రి అమ్మోనియా లేచింది, స్పాంజిలో ఉండాల్సిన బాక్టీరియా కుళాయి క్లోరిన్‌కు చచ్చిపోయింది మరి. వాసన చూసి మూడోసారి మార్చాడు. మార్చిన ప్రతిసారీ ఇంకో దెబ్బ. మొదటి కడుగుడు కంటే తరవాతి ఆ ఆదుర్దా ఎక్కువ ప్రాణాలు తీసిందని నేను ఇప్పటికీ అంటాను. ఆ వారం చివరికి ఒక్కటీ మిగల్లేదు. "నా చేతికి జీవం నిలవదు అక్కా" అని తొట్టిని ఎవరికో ఇచ్చేశాడు. ఆ తరవాత చేపను కూడా పెంచలేదు. ఎంత చెప్పినా వినలేదు.

ఇదంతా నిన్ను భయపెట్టడానికి కాదు. నీది అచ్చంగా వాడి చేయి. ఊరికే ఉండలేవు. కాబట్టి ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకో: పీహెచ్ 6.5 నుంచి 8, జీహెచ్ (నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం పాలు) 6 నుంచి 8, కేహెచ్ (కార్బనేట్ల పాలు) 2 నుంచి 5, టీడీఎస్ 150 నుంచి 250, వేడి 20 నుంచి 25 డిగ్రీలు. ఈ హద్దుల లోపల ఏ అంకె దగ్గరున్నా ఫరవాలేదు, అక్కడే నిలకడగా ఉండాలి. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్లు పోస్తూ ఉండు. నీళ్లు మార్చడం మాత్రం వారానికి పదో వంతు, అదీ తొట్టి నీళ్లతో సమానమైన టీడీఎస్, వేడి ఉన్నవి, సన్నటి గొట్టంతో మెల్లగా వదులు. కుళాయి నీళ్లు వాడితే క్లోరిన్ విరిచే మందు తప్పనిసరి. నిలవబెడితే క్లోరిన్ పోతుంది, దానిలాగే నీళ్ల శుద్ధికి కలిపే క్లోరమైన్ పోదు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు. విడిచిన పెంకులు కనిపిస్తే తీయకు. వాటినే తిని కాల్షియం తిరిగి తీసుకుంటాయి.

ఒక విషయం. మొన్న మీ నాన్న నాకు ఫోను చేశాడు. ఏదో ఆస్తి కాగితాల సంగతి మాట్లాడి, పెట్టేసే ముందు, "రొయ్యల మేత పొట్లం మీద కాపర్ సల్ఫేట్ అని ఉంది, అది ప్రమాదమా?" అన్నాడు. నువ్వు ఇంట్లో లేనప్పుడు పొట్లం తిప్పి చదివాడన్నమాట! వాడికి చెప్పిందే నీకూ చెబుతున్నాను. మన రక్తంలో ఇనుము చేసే పని రొయ్య రక్తంలో రాగి చేస్తుంది, మేతలో ఉండే ఆ లేశం వాటికి అవసరమే. చేపల జబ్బులకు పోసే రాగి మందులు మాత్రం ఆ తొట్టి దరిదాపులకు రాకూడదు. ఆ మందు పడిన తొట్టినీ వలనూ కూడా వాడకు. ఫోను సంగతి నేను చెప్పానని వాడితో అనకు.

నా అసలు భయం మాత్రం వేరే. దోమల మందు. ఆ గదిలో దోమల చుట్టలు, ద్రవాలు, స్ప్రేలు ఏవీ ఉండకూడదు. రొయ్య పురుగులకు దగ్గరి చుట్టం, దోమను చంపే పైరెత్రాయిడ్లు దాన్నీ చంపుతాయి. తలుపు వేశాను కదా అనుకోకు, నీ గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. కుక్కకు గోమార్లు పోవడానికి మందు రాసిన చేతులతో తొట్టిలో చేయి పెట్టావంటే, ఎన్నిసార్లు కడిగినా సరే, నేను నీతో మాట్లాడను. కొత్త మొక్కలు కొంటే వాటి మీదా పురుగుమందు ఉండవచ్చు. రెండు వారాలు వేరే బకెట్లో, నీళ్లు మారుస్తూ ఉంచి అప్పుడు తొట్టిలో వేయి. ఇవన్నీ చాదస్తం అనిపిస్తే అనిపించనీ.

రొయ్యలు వచ్చిన రోజు సంచిని విప్పి గుమ్మరించకు. గిన్నెలో పోసి, తొట్టి నీళ్లను చుక్కలు చుక్కలుగా ఒకటి రెండు గంటలు వదిలి, అప్పుడు వలతో ఎత్తి వదులు. సంచి నీళ్లు పారబోయి. మేత రెండు రోజులకు ఒకసారి, రెండు మూడు గంటల్లో తినగలిగినంతే. మిగిలింది తీసేయి. ఎక్కువ వేస్తే హైడ్రా, ప్లనేరియా పురుగులు చేరతాయి, రెండూ పిల్లల్ని మింగేవే. ఫెన్‌బెండజోల్ అనే నులిపురుగుల మందుతో పోతాయి గానీ తొట్టిలో నత్తలుంటే వాటికీ ముప్పే. మేత తగ్గించడమే తేలిక.

ఆడదాని మెడ వెనక పసుపు మచ్చ, దాన్ని జీను అంటారు, కనిపిస్తే అండాలు తయారవుతున్నట్టు. పెంకు విడిచాక జతకట్టి, గుడ్లను పొట్ట కింద కాళ్ల మధ్య పెట్టుకుని, ఆ కాళ్లు ఊపుతూ వాటికి నీళ్లు ఆడిస్తూ తిరుగుతుంది. ఇరవై ముప్పై గుడ్లు, నెల రోజులకు అటూ ఇటూగా పిల్లలు. అచ్చం పెద్దవాటి రూపంలోనే పుడతాయి. ఆ నెల రోజులూ నీళ్లు కెలకకు, గుడ్లు వదిలేస్తుంది. వేడి బాగా పెరిగితే పిల్లల్లో మగవి ఎక్కువవుతాయి, కాబట్టి వేసవిలో తొట్టి మీద చిన్న ఫ్యాను పెట్టు.

రంగు వెలిసినవాటిని ఏరి రెండో తొట్టిలో వేయాలి. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా కొడతారు. మగవి పుట్టుకతోనే ఆడవాటికంటే చిన్నవి, పలచటి రంగువి. అన్నిటినీ ఒకే కంటితో ఏరితే మగవన్నీ పోతాయి. పెద్దవయ్యేదాకా ఆగి, మగదాన్ని మగవాటితోనే పోల్చు. ఏరేసినవాటిని చెరువులోనో కాలవలోనో మాత్రం వదలకు. ఇవి ఇలాగే బయటపడి జర్మనీలోనూ పోలండ్‌లోనూ నీళ్లలో స్థిరపడ్డాయి.

నా తొట్టిలో చాలాకాలంగా నడుస్తున్న స్పాంజి ఒకటి తడిగా సంచిలో కట్టి రేపు పంపిస్తున్నాను. దాని నిండా బాక్టీరియా ఉంటుంది, నీకు కొన్ని వారాలు కలిసొస్తాయి. అందిన గంటలోనే తొట్టిలో వేయి. గోధుమరంగులో మురికిగా ఉంటుంది, చూసి కడగాలనిపిస్తుంది. కడిగావో, ఇంకోటి పంపను.

నీ మేనత్త