కిటికీ బొమ్మలో రంగులు బురదగా మారుతుంటే

అన్నా, ఫ్రెంచ్ చిత్రకారుడు మాతిస్ 1905లో ఫ్రాన్స్‌లోని కొలియూర్‌లో వేసిన తెరిచిన కిటికీ బొమ్మను చూసి వేస్తుంటే పడవల దగ్గర గులాబీ, ఆకుపచ్చ కలిసి బూడిద రంగు అవుతోందని, మొదటి పూతలోనే లిన్సీడ్ (అవిసె గింజల) నూనె బాగా పోస్తే వారమైనా ఆరలేదని రాశారు కదా. టెన్షన్ పడకండి, ఆ కాన్వాస్ పాడవలేదు. పడవల భాగాన్ని మాత్రం ప్యాలెట్ నైఫ్‌తో (రంగులు కలిపే పలుచటి కత్తితో) గీకేసి, టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవండి.

గులాబీ, ఆకుపచ్చ ఎదురెదురు రంగులు, తడి మీద కలిస్తే బూడిదే వస్తుంది. అసలు బొమ్మను దగ్గరగా చూడండి, గీతకీ గీతకీ మధ్య చాలా చోట్ల ఖాళీ కాన్వాస్ కనిపిస్తుంది, అంటే ఆయన రంగులను రుద్ది కలపలేదు, పక్కపక్కన పెట్టి వదిలేశాడు, ఆ వెలుగంతా అక్కడి నుంచే వస్తుంది. మీరూ ఒక్కో రంగుకు ఒక్కో బ్రష్ పెట్టుకోండి, పెట్టిన గీతను మళ్లీ ముట్టుకోకండి. నాకు ఇది అర్థం కావడానికి మూడు కాన్వాసులు పట్టింది.

ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. అందుకే కింది పూత టర్పెంటైన్‌తో పలుచగా వేసి, నూనె పై పూతల్లోనే పెంచండి, ఈ వరస తిరగేస్తే పగుళ్లొస్తాయి. టర్పెంటైన్ బదులు కిరోసిన్ వద్దు. నూనె గుడ్డలను కుప్పగా పడేయకండి, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు, నీళ్లలో తడిపి మూత డబ్బాలో వేయండి.

ఇది అయ్యాక మీ హనుమకొండ ఇంటి కిటికీ నుంచి కనిపించేదాన్నే ఇలా వేసి పెట్టండి, భద్రకాళి చెరువు కనిపిస్తే మరీ మంచిది, చూడాలని ఉంది.