ఛార్జింగ్ ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: నేను పాడేరు సమీపంలోని ఒక ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. సెలవులకు విశాఖపట్నం వెళ్లినప్పుడు నా ఫోన్ ఛార్జింగ్ రాత్రి వరకూ వస్తుంది. బడి ఉన్న రోజున మాత్రం ఉదయం యాప్‌లో హాజరు వేసి ఫోన్‌ను బీరువాలో పెట్టేసినా, మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఇరవై శాతానికి దిగిపోతుంది. రెండు సిమ్‌లు వాడుతున్నాను. ఫోన్ కొని ఏడాదే అయింది. బ్యాటరీ మార్పించాలా?
– ఒక ఉపాధ్యాయురాలు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: అవసరం లేదు. అదే బ్యాటరీ విశాఖపట్నంలో రాత్రి దాకా నిలుస్తున్నదంటే లోపం దానిది కాదు, బడి దగ్గర సిగ్నల్ బలహీనంగా ఉండడమే ప్రధాన కారణం అయివుంటుంది. మనం ముట్టుకోకపోయినా ఫోన్ టవర్‌తో సంబంధం నిలుపుకుంటూనే ఉంటుంది. టవర్ దగ్గరలో ఉంటే ఆ పని కొద్దిపాటి శక్తితో జరిగిపోతుంది. టవర్ దూరమైనా, మధ్యలో కొండ అడ్డు వచ్చినా 4జీ ఫోన్ తన ప్రసార శక్తిని గరిష్ఠ పరిమితి అయిన సుమారు 200 మిల్లీవాట్ల వరకూ పెంచుకుంటుంది, అందుకోసం బ్యాటరీ నుంచి అంతకు కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది. సిగ్నల్ పూర్తిగా పోయినప్పుడు ఒక ఫ్రీక్వెన్సీ తర్వాత మరొక ఫ్రీక్వెన్సీలో టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. మీకు రెండు సిమ్‌లు కనుక ఈ వెతుకులాట రెండింటికీ జరుగుతుంది. పైగా మీరు చెప్పిన బీరువా ఇనుపదైతే, అందే కాస్త సిగ్నల్‌నూ అదే అడ్డుకుంటుంది.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’లో ‘సిమ్ స్టేటస్’ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎమ్ (dBm) అనే కొలతలో కనిపిస్తుంది. మైనస్ 85 దగ్గర ఉంటే మంచి సిగ్నల్. మైనస్ 115 అంటే ఏ క్షణమైనా తెగిపోయే స్థితి. పది అంకెలు దిగిన ప్రతిసారీ అందే సిగ్నల్ పదో వంతుకు పడిపోతుంది కాబట్టి ఈ రెండింటికీ మధ్య తేడా వెయ్యి రెట్లు. తరగతి గదిలో, కిటికీ పక్కన, వరండాలో ఒక్కొక్క చోట నిలబడి రెండు సిమ్‌ల అంకెలూ చూడండి. ఎక్కడ మెరుగ్గా ఉందో అక్కడ, నీడలో ఫోన్ ఉంచండి. బలం తక్కువగా ఉన్న సిమ్‌ను బడి వేళల్లో సెట్టింగ్స్‌లోనే ఆపివేయండి. మీ బడి పరిసరాల్లో 5జీ లేకపోతే నెట్‌వర్క్ రకం 4జీకి మార్చుకోండి. బడిలో వైఫై ఉంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, వైఫైని విడిగా ఆన్ చేసి, మీ సిమ్ కంపెనీ ఇచ్చే వైఫై కాలింగ్‌తో మాట్లాడుకోవచ్చు. వైఫై లేని చోట ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే ఛార్జింగ్ బాగా మిగులుతుంది, కానీ అత్యవసరంగా ఎవరైనా ఫోన్ చేసినా కలవదు. మీ బాధ్యతల దృష్ట్యా ఒక సిమ్‌ను పనిచేయనివ్వడమే మేలని నా అభిప్రాయం. హాజరు యాప్‌కు లొకేషన్ అనుమతిని ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని మార్చితే సరిపోతుంది.

ప్రశ్న: ఫోన్ పూర్తిగా ఆగిపోయాకే ఛార్జింగ్ పెట్టాలని, వాడిన యాప్‌లన్నింటినీ ఎప్పటికప్పుడు తుడిచేయాలని స్నేహితులు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: మొదటి సలహా పాతకాలపు నికెల్–కాడ్మియం బ్యాటరీలకు చెందినది. 1991లో మార్కెట్లోకి వచ్చి, ఇప్పుడు మన ఫోన్లన్నింటిలోనూ ఉన్న లిథియం–అయాన్ బ్యాటరీకి అది వర్తించదు. పదే పదే సున్నాకు దించడం దీనికి హానికరం. ముప్పై శాతం ఉన్నప్పుడు కాసేపు ఛార్జింగ్ పెట్టి తీసేసినా ఏ ఇబ్బందీ లేదు. రెండోది కూడా మానుకోండి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి, కదలకుండా పడి ఉన్న ఫోన్‌లో వెనుక నడిచే పనులను వ్యవస్థే అణచివేస్తోంది. తుడిచేసిన యాప్‌ను మళ్లీ తెరిస్తే మొదటి నుంచి లోడ్ కావాలి, అందుకు ఖర్చు ఎక్కువ. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం పట్టిక చూసి, మీరు తెరవకపోయినా పైవరుసలో కనిపిస్తున్న యాప్ ఒక్కదాన్నే కట్టడి చేయండి. మిగతా ఆదా అంతా స్క్రీన్ దగ్గరే ఉంది: వెలుగు తగ్గించండి, రిఫ్రెష్ రేట్ (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) 120 హెర్ట్జ్ ఉంటే 60కి మార్చండి, ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్ఈడీ స్క్రీన్ అయితే డార్క్ మోడ్ పెట్టండి. మామూలు ఎల్‌సీడీ స్క్రీన్‌లో వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కనుక డార్క్ మోడ్ వల్ల ఛార్జింగ్ పెద్దగా మిగలదు.

ప్రశ్న: క్యాబ్ నడుపుతాను. ముందు అద్దానికి హోల్డర్‌లో ఫోన్ పెట్టి మ్యాప్ చూస్తూ ఉంటే, వేసవిలో కారు ఛార్జర్ పెట్టినా శాతం తగ్గుతూనే ఉంది. ఈమధ్య వెనుక మూత కొద్దిగా పైకి లేచింది.
– ఒక డ్రైవర్, రామగుండం

జవాబు: ముందుగా మూత సంగతి. అది బ్యాటరీ ఉబ్బిందనడానికి సూచన. దయచేసి ఈ రోజు నుంచే ఆ ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టడం ఆపండి, మూతను నొక్కి మూయడానికి ప్రయత్నించకండి, పిన్నుతో పొడవనివ్వకండి. మంట అంటుకునే ప్రమాదం ఉంది. స్విచాఫ్ చేసి సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పించండి.

కారణం వేడి. ఎండలో స్క్రీన్ పూర్తి వెలుగుతో, జీపీఎస్, మొబైల్ డేటా కలిసి నడుస్తాయి; ఫోన్ వేడెక్కగానే తనను కాపాడుకోవడానికి ఛార్జింగ్‌ను నెమ్మది చేస్తుంది, ఒక్కోసారి ఆపేస్తుంది. పాత కారు సాకెట్లలో కొన్ని 5 వోల్టుల వద్ద ఒక్క ఆంపియరే, అంటే 5 వాట్లే ఇస్తాయి కనుక వచ్చేదానికంటే పోయేదే ఎక్కువవుతుంది. పరిసరాల వేడి 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గవచ్చని యాపిల్ సంస్థే తన వినియోగదారులకు చెబుతోంది. మీ ఊరి వేసవిలో అద్దం వెనుక అంతకన్నా ఎంతో ఎక్కువ ఉంటుంది. కొత్త బ్యాటరీ వేయించాక హోల్డర్‌ను అద్దం మీద నుంచి తీసి ఏసీ గాలి వచ్చే జాలీకి తగిలించండి, మీరు తిరిగే ప్రాంతాల మ్యాప్‌ను ముందే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోండి, ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ ఉంటే అది పెట్టుకోండి. ఉబ్బిన పాత బ్యాటరీని మాత్రం చెత్తబుట్టలో వేయకండి. చెత్త బండిలో నలిగి నిప్పు పుట్టవచ్చు కనుక, మార్చిన చోటే ఈ–వ్యర్థాల కింద అప్పగించి రండి.